నీళ్లు తాగించింది నేనే

ఇది రాయాలని ఐదు నెలలుగా అనుకుంటూ వాయిదా వేస్తున్నా. మొన్న బావే "రాయిరా, నా పేరు మాత్రం పెట్టాకు" అన్నాడు, అందుకే కూర్చున్నా. పేర్లుండవు, ఆసుపత్రుల పేర్లూ ఉండవు. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

బావ అంటే మా మేనత్త కొడుకు. వాళ్లది తాడిపత్రి దగ్గర పల్లె, శెనక్కాయ పెడతారు, కొంచెం చీనీ తోట ఉంది. వాడు బెంగళూరులో సాఫ్ట్‌వేరు, నాకు అనంతపురంలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే షాపు. నాకంటే రెండేళ్లు పెద్ద, అయినా చిన్నప్పట్నుంచీ "ఒరేయ్" అంటే "ఒరేయ్" అనుకునే వరస. మార్చి మొదట్లో బెంగళూరు బయట, దేవనహళ్లి వైపు, మ్యూజిక్ ఫెస్టివల్ ఉందని, టికెట్లు తీసేశానని ఫోన్ చేశాడు. మా పక్కింటి అన్న కారులో పోయాం. ఆయన తాగడు, ఇంకేమీ వేయడు, ఆ పాటలు కూడా నచ్చవు, వచ్చేటప్పుడు బిర్యానీ తినొచ్చని బయల్దేరాడు. ఆయన గనక స్టీరింగ్ దగ్గర లేకపోతే నేనివాళ ఇది రాసేవాణ్ణి కాదు.

మాత్రల సంగతి దాచేదేముంది. బావకు ఆఫీసులో ఎవరో ఇప్పించారు. గులాబీ రంగు, మీద ఏదో బొమ్మ ఒత్తి ఉంది. ఎక్స్‌టసీ అన్నారు, అంటే ఎండీఎంఏ. "అన్నారు" అనే రాస్తున్నా, ఎందుకంటే లోపల ఏముందో అమ్మినోడికి కూడా తెలీదు. నాకది మూడోసారి. బావకు ఎన్నోసారో తర్వాత డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు గానీ నాకు తెలియలేదు. ఫెస్టివల్‌కు వచ్చినోళ్లంతా మత్తులో ఉంటారని కాదు, ఎక్కువమంది బీరు దగ్గరే ఆగుతారు, అది కూడా ముట్టకుండా రాత్రంతా ఎగిరేవాళ్లున్నారు. కానీ వేసుకున్నోళ్లు చూస్తే దొరికిపోతారు. కంట్లో నల్లగుడ్డు ఇంత పెద్దదై, ఊరికే పళ్లు కొరుకుతూ, ముక్కూ మొహం తెలియనోణ్ణి కావలించుకొని "నువ్వు చాలా మంచోడివి మచ్చా" అంటుంటారు. ఆ రెండు మూడు గంటలు బాగుంటుంది. బాగుండదని రాస్తే వాడినోడెవడూ నేను రాసే మిగతాది నమ్మడు, అందుకే చెప్తున్నా.

సాయంత్రం ఆరింటికి చెరొకటి వేసుకున్నాం. అది పట్టుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. నాకు ముప్పావు గంటకు మొదలైంది. బావకు ఏడు దాటినా ఏమీ లేదు. "డూప్లికేట్ అంటగట్టినారురా" అని ఇంకో సగం మింగాడు. పది నిమిషాలకు మొదటిది ఎక్కింది, ఆ తర్వాత ఈ సగం దాని మీద ఎక్కింది. తొందరపడి రెండోది వేసుకోవడం అనేది ఈ వ్యవహారంలో అందరూ చేసే తప్పేనట, పైగా ఎండీఎంఏ పేరుతో అమ్మే వాటిలో పీఎంఏ అనే ఇంకో మత్తుమందు లాంటివి కలిస్తే అవి ఇంకా నిదానంగా ఎక్కుతాయి, ఇంకా విషం. ఇదంతా తర్వాత ఐసీయూ బయట కూర్చొని ఫోన్‌లో చదువుకున్న చదువు. ఆ రోజు మాకు తెలిసిన విద్య ఒక్కటే: నీళ్లు తాగుతా ఉంటే ఏమీ కాదు.

ఆ మాట ఎవరు చెప్పారో కూడా గుర్తులేదు, అందరూ చెప్పేదే. దాంట్లో అబద్ధం కూడా లేదు, ఆ మందు వేసుకొని వేడిలో గంటలు గంటలు ఎగిరితే ఒళ్లు కాలిపోయి చచ్చిపోయినవాళ్లున్నారు. అందుకని నేను బాధ్యత గల బామ్మర్దిలాగా కౌంటర్‌కు పోవడం, అర లీటరు సీసా తేవడం, మూత తీసి బావ చేతిలో పెట్టడం. సీసా అరవై రూపాయలు, అయినా లెక్కచూడలేదు. వాడు వద్దన్నప్పుడు కూడా "తాగు బావా, తాగు" అని నోటికి అందించా. మూడు గంటల్లో పదకొండు సీసాలు. నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఖాళీ సీసాలు ఒక కంచె పక్కన వరసగా నిలబెడుతూ వచ్చా, ఆ టైంలో నాకు అది చాలా అందంగా కనబడింది. అన్ని నీళ్లు తాగినోడు ఒంటేలుకు పోయింది ఒక్కసారి. అది వింతగా ఉందే అని ఒక్క క్షణం అనుకున్నా, మళ్లీ పాట మారింది.

పదింటికి సౌండు ఆపేశారు. అప్పటికే బావ "తల పగిలిపోతాందిరా" అంటున్నాడు. గేటు దగ్గర తెల్లటి టెంటు, అంబులెన్సు, లోపల మంచాలు. ఆ టెంటు పక్కనే నలుగురు పోలీసులు నిలబడి టీ తాగుతున్నారు. నేను బావ భుజం మీద చెయ్యేసి, తాగినోణ్ణి నడిపించినట్టు, టెంటుకు అవతలి పక్క నుంచి దాటించా. ఇది నేను చేసిన రెండో పని. మొదటిది నీళ్లు.

బాగేపల్లి టోల్‌గేటు దాటగానే వాంతి చేసుకున్నాడు. వట్టి నీళ్లు. వాంతి అయింది కదా, ఒంట్లో నీళ్లు పోయాయి కదా అని కార్లో ఉన్న రెండు లీటర్ల సీసా తీసి మళ్లీ పట్టించా, ముప్పావు దాకా. కొడికొండ చెక్‌పోస్టు దాటాం. దూరంగా కియా ఫ్యాక్టరీ లైట్లు కనబడుతుంటే బావ లేచి కూర్చొని, "పెళ్లోళ్లు లైటింగు బాగా పెట్టినారు, మనం తలంబ్రాలకు అందుకుంటామా?" అన్నాడు. నేను నవ్వాను. అన్న నవ్వలేదు, అద్దంలో వాడి మొహం చూసి, "వీనికేదో అయితాంది, నిజం చెప్పు, ఏం తిన్యారు?" అన్నాడు. చెప్పా. ఆయన ఇంకేమీ అడక్కుండా దారిలో మొదట బోర్డు కనబడిన నర్సింగ్ హోం ముందు బండి ఆపాడు.

అప్పుడు రాత్రి పన్నెండున్నర. డ్యూటీ డాక్టర్ నిద్రలోంచి లేచొచ్చి ఏమైందని అడిగాడు. అన్న నా వైపు చూశాడు. నేను, "ఎండలో తిరిగినాడు సార్, బయట బిర్యానీ తిన్నాడు, అప్పట్నుంచి వాంతులు" అన్నా. ఎంత నున్నగా వచ్చిందో ఆ మాట. ఇంకేమైనా తీసుకున్నాడా, మందు తాగాడా అని మళ్లీ అడిగాడు. "ఏం లేదు సార్." ఆయన బీపీ చూశాడు, జ్వరం చూశాడు, నూరు కూడా లేదు. కళ్లలో లైటు వేసి చూసి ఏదో సందేహపడ్డట్టే ఉన్నాడు, కానీ మాట నాది కదా. నీరసం, డీహైడ్రేషన్ అని గ్లూకోజ్ బాటిల్ పెట్టాడు. మన వైపు గ్లూకోజ్ ఎక్కిస్తే సగం రోగం పోయినట్టే లెక్క, మా అవ్వ అయితే నెలకొకసారి అడిగి మరీ ఎక్కించుకునేది. బాటిల్ బొట్లు బొట్లుగా దిగుతుంటే నాకు ప్రాణం కుదుటపడింది.

దానిమీద 5 శాతం డెక్స్‌ట్రోస్ అని రాసి ఉంది. అందులో చక్కెరను ఒళ్లు వాడేసుకుంటుంది, మిగిలేది మామూలు నీళ్లే అని తర్వాత తెలిసింది. అంటే నోటితో నేను పోసింది చాలక నరంలోకి కూడా పోయించాను.

ఒంటిగంట దాటాక ఫిట్స్ వచ్చాయి. నేనెప్పుడూ అంత దగ్గర్నుంచి చూళ్లేదు. ముందు మెడ ఒక పక్కకు తిరిగింది, తర్వాత ఒళ్లంతా కర్రలా బిగుసుకొని, ఆ ఇనుప మంచం గోడకేసి టకటకా కొట్టుకుంటోంది. నోట్లోంచి నురగ, నురగలో రక్తం, నాలిక కొరుక్కున్నాడు. ఊడ్చే ఆయమ్మ పరిగెత్తుకొచ్చి నడుముకున్న తాళాలగుత్తి తీసి వాడి గుప్పిట్లో కుక్కింది. నర్సు ఆమెను పక్కకు నెట్టి వాణ్ణి ఒక పక్కకు తిప్పి పట్టుకుంది. అప్పటికి గానీ నాకు నోరు పెగల్లేదు. "సార్, మాత్ర వేసుకున్నాడు సార్. ఎక్స్‌టసీ. ఒకటిన్నర. నీళ్లు చానా తాగినాడు."

డాక్టర్ ఒక్క మాట కూడా అనలేదు. ముందు గ్లూకోజ్ గొట్టానికున్న చక్రం తిప్పి బిగించేశాడు. అప్పటికి మూడొందల మి.లీ. పోయింది. ఫిట్స్‌కు ఇంజెక్షన్ చేశాడు, తమ అంబులెన్సులోనే అనంతపురం పంపించాడు, మేం దారిలో ఉండగానే పెద్దాసుపత్రికి ఫోన్ చేసి ఏం వస్తోందో చెప్పాడు. టెంటు దగ్గర నుంచి లెక్కేస్తే మూడు గంటలు, ఆయన దగ్గరికి వచ్చినప్పట్నుంచి లెక్కేస్తే నలభై నిమిషాలు. నిజం చెప్పడానికి నాకు పట్టిన టైం అది.

పెద్దాసుపత్రిలో డ్యూటీలో ఉన్నది పీజీ చేస్తున్న అమ్మాయి, మా అక్క వయసు ఉంటుందేమో. రక్తం తీసిన కాసేపటికి చీటీ వచ్చింది, సోడియం, అంటే రక్తంలో ఉప్పు లెక్క, 117. ఉండాల్సింది 135 నుంచి 145. ఆమె బాటిల్ తెప్పించింది, ఈసారి గ్లూకోజ్ కాదు, 3 శాతం ఉప్పునీళ్లు, వంద మి.లీ. పది నిమిషాల్లో పంపించారు, కాసేపాగి ఇంకో వంద. మామూలు సెలైన్‌లో ఉప్పు 0.9 శాతమే ఉంటుంది. నేను గోడకానుకొని ఏడుస్తుంటే ఆమె వచ్చి, ఏడ్చినోణ్ణి ఓదార్చే మనిషి కాదు, వివరం చెప్పే మనిషి, చెప్పడం మొదలుపెట్టింది. ఆ మాత్ర మెదడు చేత వాసోప్రెసిన్ అనే హార్మోను ఎక్కువ విడుదల చేయిస్తుంది, అది కిడ్నీలకు నీళ్లు వదలొద్దని చెప్తుంది. అందుకే ఒంటేలు రాలేదు. పైనుంచి లీటర్లకు లీటర్లు పోస్తే రక్తంలో ఉప్పు పల్చబడిపోతుంది, నీళ్లు కణాల్లోకి పోతాయి, ఒళ్లంతా ఉబ్బితే పర్వాలేదు గానీ మెదడు ఉబ్బితే పుర్రెలో చోటుండదు. తలనొప్పి, వాంతులు, పిచ్చిమాటలు, ఫిట్స్, ఆ తర్వాతది ఆమె చెప్పలేదు.

చదివితే తెలిసింది. ఇంగ్లండ్‌లో 1995లో లియా బెట్స్ అనే అమ్మాయి తన 18వ పుట్టినరోజు పార్టీలో ఒక ఎక్స్‌టసీ మాత్ర వేసుకొని, గంటన్నరలో దాదాపు ఏడు లీటర్ల నీళ్లు తాగి, కోమాలోకి పోయి చనిపోయింది. మాత్ర ఒక్కటే కాదు, నీళ్లు. అక్కడ ఇప్పుడు చెప్పే లెక్క ఏంటంటే ఎగురుతుంటే గంటకు అర లీటరు, కూర్చునుంటే పావు లీటరు, అది కూడా గుక్కగుక్కగా. నెదర్లాండ్స్‌లో 1992 నుంచీ మాత్ర తీసుకుపోయి ఇస్తే అందులో ఏముందో పరీక్ష చేసి చెప్పే ఏర్పాటుంది, న్యూజిలాండ్‌లో 2021లో దానికి చట్టమే చేశారు. ప్రభుత్వమే మాత్ర పరీక్ష చేసిస్తే వేసుకోమని చెప్పినట్టు కాదా అని మా అన్న వాదన. నేనిప్పుడా వాదనలోకి పోను, నాకు మాత్రం ఆ తెల్ల టెంటు పక్కన పోలీసుల బదులు ఒక నర్సమ్మ కుర్చీ వేసుకొని కూర్చొనుంటే లోపలికి పోయేవాణ్ణి.

తెల్లారి ఆరున్నరకు మామ వచ్చాడు, మొదటి బస్సుకు. బావకు కడుపునొప్పి అని అత్తతో చెప్పి వచ్చాడట. చెప్పులు విడిచి ఐసీయూ అద్దంలోంచి చూసి, నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. దాచకుండా అంతా చెప్పాను, ఒకసారి అబద్ధం చెప్పిన ఖరీదు అప్పటికి తెలిసింది కాబట్టి. కొడతాడనుకున్నా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నీళ్లెక్కువై సస్తారా రా మనుషులు?" అన్నాడు.

ఆ మాట వేరే ఎవరన్నా అయితే మామూలు మాట. మా జిల్లాలో ఏడాదికి సగటున కురిసేదే 550 మి.మీ. దగ్గర. మామ నాలుగు బోర్లు వేయించాడు, మూడింట్లో దుమ్ము లేచింది, నాలుగోది రెండేళ్లు పోసి ఆగిపోయింది. చీనీ చెట్లు ఎండుతుంటే ట్యాంకర్లతో నీళ్లు కొని పోసిన మనిషి. ఆ బోర్ల అప్పు తీర్చడానికే బావ బెంగళూరు పోయాడు. నాకు జవాబు రాలేదు.

డాక్టర్లు ఇది ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు, పోలీసు ఔట్‌పోస్టుకు చెప్పాలి అన్నారు. నాకు చెమటలు పట్టాయి. హెడ్ కానిస్టేబుల్ వచ్చి ఒక పొడవాటి పుస్తకంలో రాసుకున్నాడు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరిచ్చారు. జేబులు వెతికితే ఏమీ లేవు. "చదువుకున్నోళ్లు, ఇదేం పనయ్యా" అని, నాకు కాదు, మామకు చెప్పాడు, అది ఇంకా నరకం. తర్వాత రెండుసార్లు స్టేషన్‌కు పిలిచారు, ఇంతవరకూ కేసు కాలేదు. తెలిసిన లాయరును అడిగితే ఆయన విప్పి చెప్పాడు: 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మత్తుమందుల చట్టంలో, వాడినందుకు సెక్షన్ 27, మందును బట్టి ఆరు నెలలో ఏడాదో దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ. దగ్గర దొరికితే తూకం లెక్క, ఎండీఎంఏకు అర గ్రాము దాకా చిన్న మోతాదు, పది గ్రాములు దాటితే పదేళ్ల నుంచి మొదలు. అలవాటు పడినోడు తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన చోట వైద్యానికి ఒప్పుకొని పూర్తి చేస్తే సెక్షన్ 64ఏ కింద రక్షణ కూడా ఉంది. ఆ ఆఖరిది ఫెస్టివల్‌కు పోయే వెయ్యిమందిలో ఒక్కడికి తెలిసుంటుందా?

ఐసీయూలో మూడు రోజులు. సోడియం మొదట కొంచెం వేగంగా పెంచారు, ఫిట్స్ ఆగాక చాలా నిదానం, రోజుకు ఎనిమిది పాయింట్లకు మించనివ్వలేదు. ఒకేసారి పెంచితే మెదడులో నరాల పైపొర దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోతాయట. 117, 121, 125, 132. మధ్యలో బావకు తెలివొచ్చింది, వచ్చినోడు అడిగిన మొదటి మాట "నీళ్లు". రోజు మొత్తానికి ఎనిమిది వందల మి.లీ. మించకూడదు. నర్సమ్మ ఒక స్టీలు గ్లాసుకు తెల్ల ప్లాస్టర్ అంటించి గీత పెట్టింది, గీత దాకే. "ఇంకొంచెం పొయ్యిరా, నాలిక పీక్కపోతాంది" అని బతిమాలుతాడు, నేను గ్లాసు పట్టుకొని వెనక్కు జరుగుతా. మొన్నటిదాకా తాగు తాగు అని నోట్లో కుక్కింది ఈ చేతులే.

మామ పని ఇంకొకటి. మంచానికి వేలాడదీసిన ఒంటేలు సంచి మీద గీతలుంటాయి కదా, గంటకొకసారి వంగి చూసి, పాస్‌బుక్కు అట్ట వెనక పెన్సిల్‌తో రాసుకునేవాడు. 50. 80. రెండో రోజు తెల్లారుజామున హార్మోను దిగిపోయిందేమో, సంచి గబగబా నిండడం మొదలైంది. 400 అని చూసి నన్ను తట్టి లేపాడు. "రేయ్, పడిందిరా." బోరులో నీళ్లు పడితే చెప్పినట్టే చెప్పాడు. ఆ డాక్టరమ్మ మాత్రం సంతోషపడలేదు, ఇంత వేగంగా పోతే సోడియం ఎగబాకుతుందని గబగబా మళ్లీ రక్తం తీయించింది.

నా సంగతి ఎవరూ పట్టించుకోలేదు, న్యాయంగా పట్టించుకోవాల్సిన పనీ లేదు. కానీ మూడో రోజుకు నా మీద ఏదో బరువు పడ్డట్టయింది. షాపు తెరిచి, ఒక ఫోన్ వెనక మూత విప్పి, స్క్రూలు వరసగా పెట్టుకొని, ఏ స్క్రూ ఎక్కడిదో గుర్తురాక ఏడ్చేశా, కస్టమర్ ముందరే. ఆ మందు మెదడులో ఉన్న సెరటోనిన్ అనే, మనసును కుదురుగా ఉంచే రసాయనాన్ని ఒక్కరాత్రిలో ఖర్చు పెట్టిస్తుంది, తర్వాత కొన్ని రోజులు ఖాళీ. ముందు రెండుసార్లు కూడా ఇలాగే అయింది, అప్పుడు అది ఆదివారం అయిపోయిన దిగులు అనుకున్నా.

డిశ్చార్జ్ చేసేటప్పుడు మానసిక వైద్యుడికి రాశారు, ఇద్దరం పోయాం. ఆయన ఎన్నిసార్లు అని అడిగితే బావ నా వైపు చూడకుండా, "లెక్క లేదు సార్, రెండేళ్లుగా, నెలకొకసారి, ఒక్కో నెల రెండు" అన్నాడు. శుక్రవారం ఆఫీసు అయిపోతే అది లేకుండా నవ్వు రావట్లేదట. నాకు ఒక్కనాడూ చెప్పలేదు. ఆరు వారాలు వెళ్లాడు, ఒకసారి జారాడు, మళ్లీ వెళ్లాడు. రాత్రిపూట తట్టుకోలేనప్పుడు 14446కు ఫోన్ చేసేవాడు, అది మత్తు మాన్పించడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు. ఆ రాత్రి సంగతి మాత్రం వాడికి ఏమీ గుర్తులేదు, పెళ్లి లైటింగు సంగతి నేను చెప్తే నమ్మడు. అత్తకు తెలిసింది ఇప్పటికీ కడుపునొప్పే.

పోయిన నెల బెంగళూరు నుంచి వస్తూ ఆ నర్సింగ్ హోం దగ్గర ఆగా. ఆ రాత్రి హడావుడిలో డబ్బు కట్టకుండా వచ్చేశాం, పద్నాలుగు వందలు బాకీ. అదే డాక్టర్, పగలు చూస్తే ఇంకా చిన్నవాడిలా ఉన్నాడు. గుర్తుపట్టాడు. బాగున్నాడా అని అడిగాడు, బాగున్నాడన్నా. డబ్బు ఇచ్చి, "సారీ సార్, ఆ రోజు మీకు చెప్పుండాల్సింది" అన్నా. ఆయన రసీదు రాస్తూ తలెత్తకుండా, "మొత్తం ఎన్ని లీటర్లు తాగించినావు?" అని అడిగాడు.

పదకొండు అర లీటరు సీసాలు, కార్లో లీటరున్నర. "ఏడు లీటర్లు సార్."

"నాదొక మూడొందలు కలుపుకో" అన్నాడు, రసీదు చించి ఇస్తూ.